తెలుగును ఒరోమోయు – చుట్టములా, నేస్తములా?

గడచిన సంవత్సరము మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకరు, ఇథియోపియా దేశమున కొంతకాలము అధ్యాపకులుగా నుండి వచ్చినవారు, మా తరగతికి దయచేసిరి. పిల్లలతో ముచ్చటించుచు వారు నల్లబల్లపై తెలుగు లిపిలో అయిదు మాటలు వ్రాసిరి. అబ్బా, మన, సరే, ఇన్ని, అతి – ఇవి యా మాటలు. "ఇవి యే భాషలోనివి?" అని వారడుగగా పిల్లలందఱును ఒక్క గొంతుతో "తెలుగు" అనిరి. వారు నవ్వి, ఇవి ఒరోమో భాషలోని మాటలనియు, అబ్బా యనగా తండ్రి, మన యనగా ఇల్లు, సరే యనగా కుక్క, ఇన్ని యనగా వాడు, అతి యనగా నీవు అనియు చెప్పిరి. తరగతి యంతయు నవ్వులతో నిండిపోయెను.

ఆ నవ్వులు సద్దుమణగిన పిమ్మట వెనుకబల్లనుండి యొక బాలుడు లేచి, "అయ్యా, అట్లయిన వారును మనవారేనా? మనవా రక్కడికి పోయిరా, వారే యిక్కడికి వచ్చిరా?" అని యడిగెను. గంట మ్రోగుటచే ఆ ప్రశ్నకు ఆనాడు తగిన యుత్తరము దొరకలేదు. అది మంచి ప్రశ్న. చిన్నవాని ప్రశ్నయని త్రోసివేయదగినది కాదు. పెద్దలు సైతము ఇట్టి నాలుగైదు మాటలు చూపి, ప్రపంచ భాషలన్నియు తమ భాషనుండియే పుట్టినవని గ్రంథములు వ్రాయుచున్నారు. కావున ఆ బాలుని ప్రశ్నకు నాకు తోచిన సమాధానమును ఈ సంచికలో చదువరుల యెదుట నుంచుచున్నాను.

మొదట ఒరోమోలెవ్వరో చెప్పవలయును. ఇథియోపియాలోని ఒరోమియా రాష్ట్రము వారి ముఖ్యనివాసము. ఉత్తర కెన్యాయందును వారు గలరు. తమ భాషను వారు 'అఫాన్ ఒరోమో' యందురు. అఫాన్ అనగా నోరు. ఒరోమోల నోరే ఒరోమోల భాష! మనము 'నోరుగలవాడు' అనునప్పుడు మాటకారియను నర్థమునే గ్రహింతుము గదా. వారు భాషకే ఆ పేరు పెట్టుకొనిరి. 2007వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి ఇథియోపియా జనులలో నూటికి 33.8 మందికి మాతృభాష ఒరోమో. అమ్హరిక్ మాతృభాషగా గలవారు నూటికి 29.3 మంది. మన దేశమున 2011వ సంవత్సరపు లెక్కలలో తెలుగు మాతృభాషగా వ్రాయించుకొన్నవారు 8 కోట్ల 11 లక్షలు. అనగా ఈ రెండును ఏ మూలనో దాగియున్న చిన్న భాషలు కావు. కోట్ల జనుల నోట నాడు భాషలు.

ఇక చుట్టఱికపు మాట. రెండు భాషలు ఒక్క తల్లి బిడ్డలని చెప్పుటకు మాటల పోలిక యొక్కటియే చాలదు. ఆ పోలికలో ఒక క్రమముండవలెను. కన్నడమున 'కివి' యన్నది మనకు 'చెవి', వారి 'కై' మనకు 'చేయి', వారి 'కెరె' మనకు 'చెఱువు'. ఒక మాటలో కాదు, మాట వెంట మాటలో వారి కకారమునకు మన చకారము వచ్చుచున్నది. అట్లే మన 'మూడు' కన్నడమున 'మూరు', తమిళమున 'మూన్ఱు'. ఇది యొకరి యింట నొకరు ఎరువు తెచ్చుకొన్న పోలిక గాదు, రక్తసంబంధము. ఈ సంగతిని 1816లో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దొర, కాంబెల్ దొర రచించిన తెలుగు వ్యాకరణమునకు చేర్చిన తన వ్యాసమున చూపి, తెలుగు సంస్కృతమునుండి పుట్టినది కాదని స్థాపించెను. 1856లో కాల్డ్వెల్ బిషప్పుగారు తమ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమున దానిని మఱింత విస్తరించి చూపిరి.

ఈ పరీక్షను ఒరోమోకు పెట్టిచూతము. వారి అంకెలు: తొక్కో, లమ, సదీ, అఫుర్, శన్. మన ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదులతో వీనికి ఏ పొత్తును లేదు. అదే ఒరోమోకు పొరుగుదగు సోమాలీ భాషను పిలిచి యడిగితిమేని, రెంటికి 'లబ', నాలుగింటికి 'అఫర్', అయిదింటికి 'శన్' అని బదులు చెప్పును. ఒరోమోలో తొమ్మిది 'సగల్', సోమాలీలో 'సగాల్'. చుట్టము లెవరో యిక వేఱుగ చెప్పవలయునా? ఒరోమోయు సోమాలీయు కుషిటిక్ శాఖలోనివి. ఆ శాఖ ఆఫ్రోఏషియాటిక్ అను మహాకుటుంబములోనిది. హెబ్రీ, అరబ్బీ, అమ్హరిక్, ప్రాచీన ఐగుప్తు భాష – ఇవన్నియు ఆ కుటుంబపు కొమ్మలే. మన తెలుగు ద్రావిడ కుటుంబములోనిది. ఇంటిపేర్లు వేఱు, గోత్రములు వేఱు.

అట్లయిన అబ్బా యను మాట సంగతి యేమి? మన పల్లెలందు తండ్రికి అబ్బ యను వాడుక కలదు. క్రీస్తుకాలపు పాలస్తీనావారి అరామిక్ భాషయందును తండ్రి అబ్బాయే. కాని పసిబిడ్డ మొట్టమొదట పలుకగలిగినవి పెదవుల నడుమ పుట్టు బకార మకారములు. ఆ పలుకులను ప్రతి దేశమునందును తల్లిదండ్రులు తమ పేర్లుగా నెంచి మురిసిపోవుదురు. ఇట్టి మాటలు భూమినిండ కలవు. అవి బిడ్డల నోటి స్వభావమును తెలుపునే గాని వంశవృక్షమును తెలుపవు. మిగిలిన నాలుగు మాటలలో ధ్వని కలిసినదే గాని అర్థము కలియలేదు. మన సరే వారి కుక్క యగుట కాకతాళీయము. నవ్వుకొనుటకు చక్కనిది, నమ్ముటకు కాదు.

చుట్టఱికము లేదని తేలినది గనుక ముచ్చట ముగిసినదని తలపవలదు. నా యభిప్రాయమున అసలు ముచ్చట ఇచ్చటనే మొదలగుచున్నది. నెల్లూరులో కట్టిన యింటికిని, ఒరోమియాలోని నెకెంతె పట్టణమున కట్టిన యింటికిని కప్పు, గోడ, గడప ఉండును. అంతమాత్రమున రెంటిని ఒక్క మేస్త్రీయే కట్టెననరాదు. ఎండయు వానయు మనుష్యుని యవసరములును ఎల్లెడల నొక్కటియే గనుక, ఒకరి నొకరెఱుగని పనివాండ్రు ఒక్కటే ఉపాయమును కనుగొనిరి. భాషలలో నిట్టి పోలికలను చూచినప్పుడు కలుగు ఆనందము బంధువును చూచిన యానందముకంటె తక్కువది కాదు.

ఆ పోలికలలో కొన్నింటిని చూడుడు. మనకువలెనే వారికిని అ, ఇ, ఉ, ఎ, ఒ యని అచ్చులయిదు. ప్రతిదానికిని హ్రస్వము, దీర్ఘము. సంస్కృతమున ఎకార ఒకారములకు హ్రస్వములు లేవు. మనకు కలవు, వారికిని కలవు. మనకు 'పడు' వేఱు, 'పాడు' వేఱు. వారికి 'లఫ' యనగా నేల, 'లాఫా' యనగా మెత్తనిది. మనకు 'గడి' వేఱు, 'గడ్డి' వేఱు. వారికి 'బదా' యనగా చెడ్డది, 'బద్దా' యనగా ఎత్తైన మెట్టసీమ. వారి మాటలలోను చాలభాగము అచ్చుతోనే ముగియును. అరబ్బుల 'కితాబ్' అను మాట ఇరువురి యిండ్లకును వచ్చినది. పొల్లుతో నిలుచుట కిష్టపడక వారు దానిని 'కితాబ' చేసిరి, మనము 'కితాబు' చేసితిమి.

వాక్యమున క్రియ చివరనే యుండును. కర్త, కర్మ ముందు. నేర్చుకొనువానిని 'బరతా' యనియు, నేర్పువానిని 'బర్సీసా' యనియు అందురు. రెండును ఒక్క ధాతువునుండి పుట్టినవే. మనకు 'నేర్చు' నుండి 'నేర్పు' పుట్టినట్లు వారికిని నేర్చుకొనుటయందే నేర్పుట పుట్టినది. ఉపాధ్యాయులమగు మేము ఈ వ్యాకరణ విషయమును మఱవకుండుట మంచిది. మఱియు, పెద్దలను ఏకవచనమున పిలుచుటకు పలు ప్రాంతముల ఒరోమోలు జంకుదురు. నీవు అను నర్థమున 'అతి' యనక బహువచనమగు 'ఇసిన్' అందురు. మనము 'మీరు' అన్నట్లే. ఎదుట లేని పెద్దను గూర్చి 'వారు' అన్నట్లే 'ఇసాన్' అందురు. ఒక్కనిని పలువురుగా నెంచి గౌరవించు మర్యాదను ఎవరు ఎవరికి నేర్పిరి? ఎవరును నేర్పలేదు. మర్యాదగల జనులు ఎక్కడనున్నను దానిని కనుగొందురు.

భేదములును పోలికలవలెనే రుచికరములు. మనము పనికి గుఱియైనదానికి గుర్తు పెట్టుదుము: 'తోలా కుక్కను చూచెను'. ఇందు తోలా యను పేరునకు ఏ ప్రత్యయమును లేదు, కుక్కకు 'ను' కలదు. ఒరోమోలు పనిచేసినవానికే గుర్తు పెట్టుదురు: 'తోలాన్ సరే అర్గె'. ఇందు కుక్కకు ఏమియు లేదు, తోలాకు నకారము కలదు. కుక్కయే చూచినదైనచో అదియే 'సరేన్' అగును. ప్రపంచ భాషలలో ఇట్టి పద్ధతి అరుదు. మనము విశేషణమును ముందు పెట్టి 'పెద్ద యిల్లు' అందుము. వారు 'మన గుద్దా', అనగా ఇల్లు పెద్ద, అందురు. పాఠశాలకు వారి పేరు 'మన బరుంసా', అనగా ఇల్లు చదువుయొక్క.

పొద్దు పొడిచినప్పుడు వారు క్రియను స్త్రీలింగమున చెప్పుదురు, ఏలయన వారి భాషలో సూర్యుడు స్త్రీ. మన 'పొద్దు' అమహత్తు. సంస్కృతమునుండి వచ్చిన 'సూర్యుడు' మాత్రము మగవాడు. ఇక 'మేము', 'మనము' అను భేదము వారికి లేదు. రెంటికిని 'నుతి' యన్న మాట యొక్కటే. ఎదుటివానిని కలుపుకొనుటకు మనకు వేఱుగ నొక మాట యుండుట మన భాష భాగ్యము. ఆ మాటను మనము ఎంత తఱచుగా వాడుచున్నామో యాలోచింపదగినది.

ఇంతవరకు వ్యాకరణము. ఇక నా మనసును కలచిన విషయమునకు వచ్చెదను. తెలుగునకు వేయేండ్ల సాహిత్యమును, వేయేండ్లకు మించిన శాసనములును కలవు. ఒరోమోకు వ్రాత బహుకాలము లేకుండెను. ఆ భాషను అచ్చులోనికి తెచ్చిన ఘనతలో పెద్దభాగము ఇద్దఱు బానిస పిల్లలకు దక్కినది.

అందొకడు ఇంచుమించు 1856లో పుట్టిన హీకా అను బాలుడు. బానిసల వర్తకులు అతనిని ఎత్తుకొనిపోయి పలుమార్లు అమ్మిరి. 1870లో ఎఱ్ఱసముద్రపు రేవగు మసావాయందు విడుదల పొంది, స్వీడిషు మిషనువారి పాఠశాలలో చేరి, బాప్తిస్మమున ఒనేసిమో యను పేరు పొందెను. ఫిలేమోనుకు పౌలు వ్రాసిన పత్రికను చదివినవారికి ఆ పేరెట్టి బానిసదో తెలియును. ఒరోమో భాషలో హీకా యను మాటకు ముడి విప్పువాడనియు, ఒక భాషనుండి మఱియొక భాషకు అర్థము విప్పిచెప్పువాడనియు భావము. పుట్టినప్పుడు పెట్టిన పేరు అతని జీవితమునకే పేరైనది. 1893లో క్రొత్త నిబంధనయు, 1899లో సంపూర్ణ బైబిలును అతని ఒరోమో యనువాదమున వెలువడెను.

రెండవది ఆస్తెర్ గన్నో యను బాలిక. యెమెను దేశమున అమ్ముటకు కొనిపోవుచుండగా 1886లో ఇటలీవారి యోడ యామెను విడిపించెను. ఆమెను కూడ ఆ మిషను పాఠశాలకే చేర్చిరి. ఆమెకుగల భాషాజ్ఞానమును ఒనేసిమో గుర్తించెను. చిన్ననాడు తాను విన్న పొడుపుకథలు, సామెతలు, కథలు, పాటలు ఇంచుమించు 500 ఆమె జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసెను. 1894లో వెలువడిన ఒరోమో వాచకమున వానిలో పెక్కింటిని చేర్చిరి. బైబిలు అనువాదమునకును ఆమె తోడ్పడెను. ఇల్లు పోయినది, ఊరు పోయినది, తల్లిదండ్రులు దూరమైరి. నోటిలోని భాష యొక్కటి మిగిలినది. దానినే యామె తన జాతికి పుస్తకముగ చేసి యిచ్చెను.

ఇంతలోనే మఱియొక పాఠశాల కథ చెప్పవలయును. 1888లో ఎఱ్ఱసముద్రమున ఆంగ్లేయుల యుద్ధనౌక యగు 'ఆస్ప్రే' బానిసలను తరలించు పడవలను పట్టుకొని 204 మంది ఒరోమోలను విడిపించెను. వారిలో 64 మంది బాలబాలికలను 1890లో దక్షిణాఫ్రికాలోని లవ్‌డేల్ మిషను పాఠశాలకు పంపిరి. అందలి యుపాధ్యాయులు ఆ పిల్లలను ఆదరించి, చదువు చెప్పి, వారు బానిసలైన తీరును వారిచేతనే చెప్పించి వ్రాసి యుంచిరి. ఆ బాలికలలో బీషో జార్సా యను నామె యొకతె. ఆమె అచ్చటనే పెరిగి, పెండ్లియాడి, సంతానవతి యయ్యెను. ముసలితనమున నామె తనలో తాను ఏదో భాషలో గొణుగుకొనుచుండెడిది. మనుమలకది తెలియదు. అమ్మమ్మ యేమనుచున్నదని వారడుగగా, దేవునితో మాటలాడుచున్నదని తల్లి చెప్పెడిదట.

చదువరులారా, ఆ ముసలితల్లి స్థితిని ఊహింపుడు. చుట్టును తనవారే; అయినను తన నోట పుట్టిన మాటకు బదులు పలుకువా రొక్కరును లేరు. ఆమె మనుమడే నెవిల్ అలెగ్జాండర్ అను సుప్రసిద్ధ విద్వాంసుడు. వర్ణవివక్షను ఎదిరించి 1964 మొదలు 1974 వఱకు రాబెన్ ద్వీపమున కారాగారవాసము చేసెను. పిమ్మట బిడ్డలకు మాతృభాషలో విద్య గఱపవలెనని జీవితాంతము పాటుపడి, 2008లో లింగ్వాపాక్స్ బహుమానమును పొంది, 2012లో కాలధర్మము నొందెను.

రెండును మిషను పాఠశాలలే. రెంటియందును పిల్లలయెడ ప్రేమకు లోటు లేదు. కాని యొకచోట పిల్లల భాషను వారు తెచ్చిన ధనముగ నెంచిరి, అది గ్రంథమైనది. ఇంకొకచోట ఆ భాషకు తావు దొరకలేదు. అది యొక ముసలితల్లి గొణుగుడైనది. దేశము కాని దేశమున కొలదిమంది పిల్లలుండగా లవ్‌డేలువారు మఱియేమి చేయగలిగియుందురని యెవరైన నడుగవచ్చును. ఆ మాట న్యాయమే. నేను వారిని నిందింపను. అయినను మిషను పాఠశాలలో పనిచేయు నేను ఆ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూడకుండ నుండలేను.

ఒరోమో భాష కథ అంతటితో సుఖముగ ముగియలేదు. హైలే సెలాసీ చక్రవర్తి పాలనలో బడులందు గాని కచ్చేరీలందు గాని ఆ భాషకు చోటీయలేదు. 1956లో షేక్ బక్రీ సపలో యను పండితుడు ఒరోమోకు తగిన క్రొత్త లిపిని కల్పింపగా ప్రభుత్వము సాగనీయలేదు. ఆయన 1980లో సోమాలియా దేశపు శరణార్థుల శిబిరమున మరణించెను. 1974వ సంవత్సరపు విప్లవము పిమ్మట కొంత సడలింపు కలిగి, 1979లో మొదలైన అక్షరాస్యతా ప్రచారమున చేర్చుకొన్న 15 భాషలలో ఒరోమో యొకటి యయ్యెను.

అప్పుడు లిపి చిక్కు తలయెత్తెను. ఇథియోపియా లిపి మన లిపివలె గుణింతపు లిపియే. కాని యందు ప్రతి హల్లునకు ఏడు రూపములే యుండుటచే పది యచ్చులు ఇముడవు, ద్విత్వమునకు గుర్తును లేదు. 'బదా' యనినను 'బద్దా' యనినను అందు వ్రాత యొక్కటే. అందుచే 1991 నవంబరు 3వ తేదీన ఒరోమో విద్వాంసులు సభ చేరి రోమను అక్షరములను స్వీకరించిరి. దానికి 'కుబే' యని పేరు. దీర్ఘమునకు అచ్చును రెండుమార్లు, ద్విత్వమునకు హల్లును రెండుమార్లు వ్రాయుదురు. నాటినుండి ఒరోమియాలోని బిడ్డలు ప్రాథమిక విద్యను తమ భాషలోనే నేర్చుచున్నారు. అమ్హరిక్కును ఆంగ్లమును కూడ నేర్చుచున్నారు. 2020లో ఆ దేశపు ప్రభుత్వము ఒరోమోను సమాఖ్య కార్యభాషలలో చేర్చుటకు నిర్ణయించినట్లు ప్రకటించెను.

మన కెన్నడును ఇట్టి చిక్కు రాలేదు. మన గుణింతమును మన వత్తులును మన నోటికి కొలత తీసి కుట్టిన చొక్కాయవలె నున్నవి. అట్టి లిపి చేతిలో నుండగా నేటి మన పిల్లలు టెలిఫోనులలో తెలుగును రోమను అక్షరములతో, ఒక నియమము లేకుండ, వ్రాయుచున్నారు. అందు 'పడు'నకును 'పాడు'నకును భేదము కనబడదు. రోమను అక్షరములు పాపమని నేననను. ఒరోమోలు వానినే నియమముతో వాడి భాషను నిలుపుకొనిరి. లేనివాడు కష్టపడి కట్టుకొన్న గోడను, ఉన్నవాడు అలక్ష్యముచే పడగొట్టుకొనుట విచారకరము.

తల్లిదండ్రులతో నొక మాట. 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రాథమిక తరగతులనుండియే ఆంగ్లమున బోధింపవలెనని ఉత్తరువు చేయగా 2020లో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. ఆ వివాదమును ఈ వ్యాసమున తేల్చబూనను. ఆంగ్లము రానిదే బిడ్డ వెనుకబడునను మీ భయము నిజమైన భయము. దానిని పరిహసించువారు ఉద్యోగమునకై తిరిగి యెఱుగనివారు. కాని ఆంగ్లమును నేర్పుట వేఱు, తెలుగు పలికినందుకు శిక్షించుట వేఱు. తెలుగు మాటాడిన పిల్లలకు జరిమానా వేయు పాఠశాలలు మన దేశమున కలవు. రెండవ భాష నేర్చుటకు మొదటిది నిచ్చెన. నిచ్చెనను విఱిచి మేడ నెక్కుమనుట తగునా?

అయినను మనము కష్టములు పడినవారమని మాత్రమే తలంచితిమేని ఈ పోలికను సగమే గ్రహించినట్లు. భాష పేరిట రాష్ట్రము కావలెనని మనమును అడిగితిమి. పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్షచే 1952 డిసెంబరు 15వ తేదీన ప్రాణము విడువగా 1953లో ఆంధ్రరాష్ట్రము వచ్చెను. పిమ్మట తెలుగు ఏలుబడి భాష యయ్యెను. ఏలుబడి భాష నీడలో సవర, కోయ, గోండు, కువి భాషలాడు బిడ్డలు చదువుకొనుచున్నారు. ఒరోమో బాలుడు అమ్హరిక్ బడిలో కూర్చున్నట్లు, సవర బాలుడు తెలుగు బడిలో కూర్చుండును. ఆ బల్లపై అతడేమనుకొనుచుండునో మనమెన్నడైన విచారించితిమా?

విచారించినవా రొకరు కలరు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవర భాషను నేర్చి, సవర పిల్లలకు సొంత ధనముతో బడులు పెట్టి, వారి భాషలోనే చదువు చెప్పించిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడెను. సవర ముండా శాఖలోనిది. తెలుగునకు చుట్టము కాదు. ఒరోమో మనకెంత దూరమో వంశమునుబట్టి సవరయు అంత పరాయిదే. చుట్టమని కాదు, పొరుగని కాదు, అది కొందఱు బిడ్డల నోటి మాటయని పంతులుగారు దానికి తమ కాలమును, ధనమును, ఆరోగ్యమును ధారపోసిరి.

కావున నా విన్నపములు రెండు. విద్యార్థులారా, ఈ సెలవులలో మీ నాయనమ్మ, అమ్మమ్మలకడ కూర్చుండి, అచ్చుకెక్కని పొడుపుకథలను, సామెతలను తలా పది వ్రాసి తెండు. బంధువులందఱికి దూరమైన ఆస్తెర్ గన్నో జ్ఞప్తిమీద వ్రాసినది. మీకు చెప్పువారు ఇంట నున్నారు. ఉపాధ్యాయ సోదరులారా, మన వసతిగృహమున తెలుగు మాతృభాష కాని పిల్లలును గలరు. రాబోవు సంచికలో ఒక పుట వారికి విడుతము. తమ యింటి మాటను తెలుగు లిపిలో వ్రాసి, దాని యర్థమును తెలుగున చెప్పుదురు గాక. మనము చదివి నేర్చుకొందము.

వెనుకబల్ల బాలునకు ఇప్పుడు నా యుత్తరము. నాయనా, ఒరోమోలు మనకు చుట్టములు కారు. వారు మననుండి పోలేదు, మనము వారినుండి రాలేదు. నీవు వారి యూరికి పోయితివేని నీ అయిదు మాటలు నీకు ఇల్లు చూపవు, దారి చెప్పవు. కాని యొక పెద్దను నీవు బహువచనముతో పలుకరించినచో ఆయన ముఖము మీ తాతగారి ముఖమువలెనే విప్పారును. ఆయన నిన్ను 'నగా' యని పలుకరించును. మనకు నగ యనగా మెడలోని యాభరణము. వారికి నగా యనగా శాంతి, క్షేమము. రెండు మాటలకును సంబంధము లేదని నీకిప్పుడు తెలియును. తెలిసియు నీవు నవ్వి బదులు పలుకుదువు గాక.